మిద్దె మీద ఉన్నవాడు పైనే కదా ఉంటాడు!

ప్రశ్న: సార్, కడప జిల్లాలో ఒక హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ఈమధ్య తొమ్మిదో తరగతి పిల్లలను గండికోటకు తీసుకుపోయి వచ్చాక, చూసింది ఒక పేజీలో రాయమన్నాను. ఒక అమ్మాయి ఇలా రాసింది: ‘వి స్టుడ్ అప్ ఆన్ ది ఫోర్ట్ వాల్. వి సా ది పెన్నా డౌన్ ఇన్ ది గార్జ్. సర్ షౌటెడ్ టు అస్ ఫ్రమ్ ఓవర్ బై ది గ్రానరీ. వి వెంట్ బ్యాక్ ఇన్ టు ది బస్.’ నేను మొదటి వాక్యంలో ‘అప్’, రెండోదాంట్లో ‘డౌన్’ కొట్టేశాను. మూడోదాంట్లో ‘ఓవర్ బై’ తీసేసి ‘నియర్’ అని రాశాను. గోడ మీద అంటే పైనే కదా, లోయలో అంటే కిందే కదా అని నా ఉద్దేశం. అమ్మాయి ఏమీ అనలేదు. మర్నాడు లైబ్రరీ నుంచి ఒక ఇంగ్లీషు కథల పుస్తకం తెచ్చి, నాలుగు చోట్ల పెన్సిల్‌తో సన్నగా గీత పెట్టి నా బల్ల మీద ఉంచి పోయింది. నాలుగు చోట్లా ఇదే తీరు, రెండు మాటలు పక్కపక్కనే. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఇవి ఎందుకు జంటగా వస్తాయి? వీటిలో ఏది అడ్వర్బ్, ఏది ప్రిపోజిషన్? ఎప్పుడు రావాలి, ఎప్పుడు కొట్టేయాలి? కువైట్‌లో ఉన్న మా అల్లుడు ఫోన్లో ‘కమ్ ఆన్ బ్యాక్ ఓవర్ టు అవర్ ప్లేస్’ అని ఎవరితోనో అంటుంటే విన్నాను. అందులో అయితే ఏది కొట్టేయాలో కూడా అర్థం కాలేదు.

సమాధానం: సార్, ముందు దిద్దుబాటు లెక్క తేల్చేస్తాను. ‘డౌన్’ మీరు కొట్టేయకుండా ఉండాల్సింది. ‘ఓవర్ బై’ బదులు ‘నియర్’ రాయడం వల్ల వాక్యం చెడలేదు గానీ అమ్మాయి చెప్పిందాంట్లో సగం పోయింది. ‘అప్’ దగ్గర చిక్కు ఉన్న మాట నిజమే, కానీ మీరు అనుకున్న కారణానికి కాదు. నిజంగా తప్పున్నది నాలుగో వాక్యంలో. దాన్ని మీరు ముట్టుకోలేదు.

మీరు అలా ఎందుకు చేశారో నాకు బాగా తెలుసు. మనందరికీ మన అయ్యవార్లు నేర్పిన మొదటి పని అనవసరమైన మాట ఏరేయడం. ‘రిటర్న్ బ్యాక్’ అని రాస్తే ‘బ్యాక్’ కొట్టేయి. ‘డిస్కస్ అబౌట్’ అని రాస్తే ‘అబౌట్’ కొట్టేయి. ఆ రెండూ సరైన దిద్దుబాట్లే. ‘రిటర్న్’ అనే మాటలోనే వెనక్కి అన్న అర్థం ఉంది, మళ్లీ ‘బ్యాక్’ వచ్చి చేసే పని లేదు. అదే చేతివాటంతో నేను కూడా చాలా ఏళ్లు ‘అప్ ఆన్ ది రూఫ్’ లో ‘అప్’ కొట్టేస్తూ వచ్చాను. ఇక్కడ ‘అప్’ కు పని ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ పని ఏమిటో తెలుసుకోవడానికి ఇంగ్లీషు పుస్తకం అక్కర్లేదు. ఇంట్లో ‘పిల్లోడు యాడున్నాడు?’ అని అడిగితే ‘పైన మిద్దె మీద ఉన్నాడు’ అంటారు. ‘కింద బావి కాడ’, ‘లోపల వంటింట్లో’, ‘బయట అరుగు మీద’, ‘ఆ పక్క గడ్డివామి కాడ’ అంటారు. మిద్దె మీద అంటే చాలు కదా, పైన ఎందుకు అని ఎవరూ అడగరు. ఎందుకంటే ఆ రెండు మాటలూ రెండు వేరు వేరు ప్రశ్నలకు జవాబులు. ‘మిద్దె మీద’ అనేది పిల్లోడు ఉన్న చోటు చెబుతుంది. ‘పైన’ అనేది మనం ఉన్న చోటు నుంచి ఎటు తల తిప్పాలో చెబుతుంది. మాట్లాడేవాళ్లు కింద ఉన్నారన్న సంగతి ఆ ఒక్క ‘పైన’ లో దాగి ఉంది. ఇద్దరూ మిద్దె మీదే కూర్చుని మాట్లాడుకుంటూ ‘మనం పైన మిద్దె మీద ఉన్నాం’ అనుకోరు. కింద ఉన్న అమ్మకు ఫోన్లో చెప్పాలంటే మాత్రం ‘పైనే మిద్దె మీద ఉన్నా’ అంటారు.

దీనికి తిరుపతిని మించిన ఉదాహరణ లేదు. కడప నుంచి దర్శనానికి పోయినవాళ్లకు అక్కడ దిగగానే వినిపించే ప్రశ్న ‘రూము పైనా, కిందా?’ పైన అంటే తిరుమల, కింద అంటే తిరుపతి. ఇంకో మాట అక్కర్లేదు. ఇంగ్లీషువాడు కూడా అచ్చం అలాగే ‘అప్ ఎట్ తిరుమల’, ‘డౌన్ ఇన్ తిరుపతి’ అంటాడు. ఎట్, ఇన్ ఊరి పేరును పట్టుకుని ఉంటాయి. అప్, డౌన్ మాట్లాడేవాడి కాళ్ల దగ్గర నుంచి మొదలవుతాయి.

ఈ కాళ్ల సంగతి నాకు ఒక లాడ్జిలో తెలిసొచ్చింది. టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఒక ఇంగ్లాండు ఆయన్ను కలవడానికి పోయాను. కౌంటర్ దగ్గర నుంచి ఆయన గదికి ఫోన్ చేస్తే ‘ఐ విల్ బి డౌన్ ఇన్ ది లాబీ ఇన్ టెన్ మినిట్స్’ అన్నాడు. నేను అప్పటికే నేల మీద ఉన్నాను. నాకన్నా కింద ఇంకో అంతస్తు ఉందేమో, లాబీ అంటే అదేనేమో అనుకుని మెట్ల కోసం వెతికాను. కార్లు పెట్టే చోటికి దిగి పదిహేను నిమిషాలు నిలబడ్డాను. ఆయన నేను ఫోన్ చేసిన కౌంటర్ పక్కనే సోఫాలో కూర్చుని ఎదురు చూస్తున్నాడట. ‘డౌన్’ నా నుంచి కాదు, మూడో అంతస్తులో ఉన్న ఆయన నుంచి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఏది అడ్వర్బ్, ఏది ప్రిపోజిషన్. దీనికి కూడా తెలుగే దారి చూపుతుంది. పైన, కింద, లోపల, బయట, వెనక, ముందు అనే మాటలు ఒంటరిగా నిలబడగలవు. ‘ఎక్కడున్నాడు?’ అంటే ‘లోపల’ అని ఒక్క మాటలో చెప్పొచ్చు. అదే మాట పేరు వెనక కూడా నిలబడుతుంది, ‘ఇంటి లోపల’, ‘బీరువా పైన’. కానీ లో, కి, తో ఒంటరిగా నిలబడలేవు. ‘ఎక్కడున్నాడు?’ అంటే ‘లో’ అని ఎవరూ అనరు. ఇంగ్లీషులో అప్, డౌన్, ఇన్, ఆన్, రెండు ఎఫ్‌ల ఆఫ్, ఓవర్ మన ‘లోపల’ లాంటివి. ‘ఈజ్ హి ఇన్?’ అని అడగొచ్చు, ‘ఇన్ ది హౌస్’ అనీ అనొచ్చు. ఎట్, ఒకే ఎఫ్ ఉన్న ఆఫ్, ఫ్రమ్ మన ‘లో’ లాంటివి, తోడు లేకుండా రావు. బ్యాక్, అవే ఇంకో రకం. వీటికి ఒంటరితనమే ఇష్టం, పేరును నేరుగా పట్టుకోవు. ‘అవే ది వాల్’ అనరు, మధ్యలో ‘ఫ్రమ్’ ఉండాలి.

ఒంటరిగా వచ్చినప్పుడు అడ్వర్బ్ పార్టికల్ అనీ, పేరును పట్టుకుని వచ్చినప్పుడు ప్రిపోజిషన్ అనీ పిలవడం బడి పద్ధతి. పరీక్షకు అదే చెప్పండి. అయితే మీకు తెలిసి ఉండటం మంచిది, ఈ విభజన మీద వ్యాకరణవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదు. డెన్మార్క్‌కు చెందిన ఒట్టో యెస్పర్సన్ 1924లోనే దీన్ని క్రియలతో పోల్చాడు. ‘తిన్నాడు’ అన్నా, ‘అన్నం తిన్నాడు’ అన్నా క్రియ ఒకటే, కర్మ ఉందా లేదా అన్నదే తేడా. ‘ఇన్’ అన్నా ‘ఇన్ ది హౌస్’ అన్నా అంతే కదా, రెండు పేర్లు ఎందుకని ఆయన వాదన. 2002లో రోడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పుల్లమ్ తమ పెద్ద వ్యాకరణంలో దాదాపు అదే దారి పట్టి, వీటిలో చాలావాటిని వెనక పేరు లేని ప్రిపోజిషన్లుగానే లెక్కగట్టారు. నాకైతే ఆ మాటే సబబనిపిస్తుంది. కానీ తొమ్మిదో తరగతిలో ఈ గొడవ తీసుకురావద్దు.

తరగతిలో పనికొచ్చేది ఇంకొకటి చెబుతాను. ‘ఎట్ ది షాప్’ ను బోర్డు మీద కదలకుండా ఉంచి, దాని ముందు మాట ఒక్కటే మార్చండి. ‘డౌన్ ఎట్ ది షాప్’ అంటే మనం మేడ మీదో, వీధి ఎగువనో ఉన్నాం. ‘ఓవర్ ఎట్ ది షాప్’ అంటే మధ్యలో కొంత జాగా ఉంది, ఒక రోడ్డో, ఒక మైదానమో దాటాలి. ‘బ్యాక్ ఎట్ ది షాప్’ అంటే మనం అక్కడి నుంచే వచ్చాం, లేదా అతను తిరిగి అక్కడికే చేరాడు. ‘అవుట్ ఎట్ ది షాప్’ అంటే మనం ఇంట్లో ఉన్నాం, అతను బయటికి పోయి షాపులో ఉన్నాడు. షాపు కదల్లేదు, మనమే కదులుతున్నాం. పిల్లలకు ఇది ఆటలాగా ఉంటుంది. కడపలో కోటిరెడ్డి సర్కిల్ మధ్యలో నిలబడ్డామనుకుని ఒక్కో రోడ్డులోని ఒక్కో చోటుకు ఏ మాట సరిపోతుందో చెప్పమనండి.

ఈ లెక్కన మీ అమ్మాయి మూడో వాక్యం చూడండి. ‘ఓవర్ బై ది గ్రానరీ’ లో ‘బై’ అంటే ధాన్యాగారం పక్కనే. ‘ఓవర్’ అంటే మాకూ మీకూ మధ్య కోట లోపలి ఖాళీ జాగా ఉంది, ఆ అవతల నుంచి మీరు కేకేశారు. మీ ‘నియర్’ ఆ ‘బై’ అర్థాన్ని ఉంచి ‘ఓవర్’ అర్థాన్ని తీసేసింది. మీరు అంత దూరం నుంచి అరవాల్సి వచ్చిందంటే పిల్లలు ఏ అంచున ఉన్నారో కదా!

దాని ముందున్న ‘ఫ్రమ్’ కూడా గమనించండి. ఫ్రమ్ వెనక నామవాచకమే రావాలని మనం చెబుతాం. ఇక్కడ మొత్తం ‘ఓవర్ బై ది గ్రానరీ’ అనే చోటును అది మోస్తోంది. ‘ఫ్రమ్ అప్ ఆన్ ది రూఫ్’ కూడా అంతే. ‘పైన మిద్దె మీద నుంచి అరిచాడు’ అని మనం అనడం లేదా? మన ‘నుంచి’ చివర వస్తుంది, వాళ్ల ‘ఫ్రమ్’ మొదట వస్తుంది. పైన, మిద్దె మీద అనే జంట మాత్రం రెండు భాషల్లోనూ చెదరకుండా ఉంటుంది. ఇది తట్టిన రోజు నేను పొంగిపోయాను, మా ఇంట్లో చెబితే ఎవరూ పట్టించుకోలేదు.

పార్టికల్స్‌లో మాట్లాడేవాడి ఇల్లు దాగి ఉంటుందనడానికి ‘అవుట్’ చూడండి. మన జిల్లాలో గల్ఫ్ పోయినవాళ్లు లేని ఊరు తక్కువ. ‘హి ఈజ్ అవుట్ ఇన్ కువైట్’ అంటే ఇల్లు ఇక్కడ, అతను బయట. మీ అల్లుడు అక్కడ కూర్చుని తన గురించి తాను అలా అంటే, అతని మనసు ఇంకా కడపలోనే ఉందని అర్థం. కంపెనీ దొరల కాలంలో ఇంగ్లీషువాళ్లు ఇండియాకు రావడాన్ని ‘గో అవుట్ టు ఇండియా’ అనీ, ఇంగ్లాండు పోవడాన్ని ‘గో హోమ్’ అనీ అనేవాళ్లు. మన కడప ఎర్రముక్కపల్లెలో ఎవరి పేరు మీద గ్రంథాలయం ఉందో ఆ సి.పి.బ్రౌన్ పుట్టింది 1798లో కలకత్తాలో. తండ్రి పోయాక కుటుంబంతో ఇంగ్లాండు చేరి, అక్కడ చదువుకుని 1817లో మద్రాసు వచ్చి, 1820లో కడపలో ఉద్యోగంలో చేరాడు. పుట్టింది ఇక్కడైనా, వాళ్ల ఇంగ్లీషులో ఆయన వచ్చింది ‘అవుట్ టు ఇండియా’ నే. ‘హోమ్’ మాత్రం పద్నాలుగేళ్ల దాకా ఉండని దేశం. ఒక్క చిన్న మాట మనిషిని ఎక్కడివాడో తేల్చేస్తుంది.

‘అప్’ కూడా అంతే పెత్తనం చేస్తుంది. ఇంగ్లాండులో రైలు లండన్ వైపు పోతే అప్, లండన్ నుంచి పోతే డౌన్, దారి ఎత్తయినా పల్లమైనా సరే. ఆక్స్‌ఫర్డ్‌కు చదువుకు పోతే ‘అప్ టు ఆక్స్‌ఫర్డ్’. అక్కడి నుంచి వెళ్లగొడితే ‘సెంట్ డౌన్’. మనకూ ఇలాంటివి ఉన్నాయి. పటం చూసి ‘అప్ ఇన్ ఢిల్లీ’, ‘డౌన్ ఇన్ చెన్నై’ అనడం మామూలే.

‘బ్యాక్’ కాలానికి కూడా వాడతారు. ‘బ్యాక్ ఇన్ 1953, కర్నూల్ వాజ్ ది క్యాపిటల్’. ఇక్కడ ‘బ్యాక్’ అంటే మనం నిలబడ్డ ఈ రోజు నుంచి వెనక్కి చూడు అని. అందుకే రాబోయే ఏడాదికి ఇది పనికిరాదు. ‘ఐ విల్ బి బ్యాక్ ఇన్ 2030’ అనొచ్చు కదా అంటారేమో. అక్కడ ‘బ్యాక్’ పోయి ‘బి’ తో జత కట్టింది, తిరిగి వస్తాను అని అర్థం. ‘ఇన్ 2030’ విడిగా ఉంది. పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన చుట్టాలు కారు.

మొదటి వాక్యంలో మీ అమ్మాయికి వచ్చిన చిక్కు కూడా ఇదే. ‘వి స్టుడ్ అప్ ఆన్ ది ఫోర్ట్ వాల్’ ను రెండు రకాలుగా విరవొచ్చు. ‘స్టుడ్’ తర్వాత ఊపిరి తీసుకుంటే, ఎత్తుగా గోడ మీద నిలబడ్డాం. ‘స్టుడ్ అప్’ తర్వాత ఊపిరి తీసుకుంటే, గోడ మీద కూర్చున్నవాళ్లం లేచి నిలబడ్డాం. నోటితో చెప్పేటప్పుడు ఏదో తెలిసిపోతుంది, కాగితం మీద తెలియదు. చాలామంది చదువరులు రెండో అర్థమే తీసుకుంటారు, ఎందుకంటే ‘స్టాండ్ అప్’ అనే జంట అంత గట్టిది. కాబట్టి ఇక్కడ చేయాల్సింది ‘అప్’ కొట్టేయడం కాదు, దాన్ని క్రియ చేతుల్లోంచి విడిపించడం. ‘వి వర్ అప్ ఆన్ ది ఫోర్ట్ వాల్’ అంటే చాలు. లేదా ‘వి స్టుడ్ హై అప్ ఆన్ ది ఫోర్ట్ వాల్’ అనొచ్చు. ‘హై’ వచ్చి ‘అప్’ ను గోడ వైపు లాగేసింది.

ఈ లాగడమే మంచి పరీక్ష. జంట నిజంగా జంటేనా అని తెలియకపోతే దాని ముందు ‘రైట్’ పెట్టి చూడండి. ‘రైట్ డౌన్ ఇన్ ది గార్జ్’ బాగుంది, లోయ అడుగున అని. ఇంకో పరీక్ష ‘వేర్?’ అని అడగడం. పెన్నా ఎక్కడ అంటే ‘డౌన్ ఇన్ ది గార్జ్’ అని మొత్తం జవాబుగా వస్తుంది. ఇప్పుడు ‘ఐ లుక్ట్ ఇట్ అప్ ఇన్ బ్రౌన్స్ డిక్షనరీ’ తీసుకోండి. ఇక్కడా ‘అప్ ఇన్’ పక్కపక్కనే ఉన్నాయి. ఎక్కడ చూశావు అంటే ‘ఇన్ బ్రౌన్స్ డిక్షనరీ’ అంటాం. ‘అప్ ఇన్ బ్రౌన్స్ డిక్షనరీ’ అంటే బ్రౌన్ నిఘంటువు ఏదో అటక మీద తెరిచి ఉన్నట్టు ఉంటుంది. ఈ ‘అప్’ ‘లుక్’ సొత్తు. ఆ రెండూ కలిస్తేనే వెతికి చూడటం అనే అర్థం.

మూడు మాటలు కలిసి కరుడుగట్టిన క్రియలు కొన్ని ఉన్నాయి. ‘పుట్ అప్ విత్’ అంటే భరించడం, ‘రన్ అవుట్ ఆఫ్’ అంటే అయిపోవడం. వీటిని విడదీసి అర్థం చెప్పడానికి ప్రయత్నించవద్దు, బట్టీయే మార్గం. ఒక్కటి మాత్రం మన ఉత్తరాల్లో రోజూ దెబ్బతింటోంది కాబట్టి చెబుతాను. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు’ తర్వాత ‘మీట్ యు’ కాదు, ‘మీటింగ్ యు’. ఆ ‘టు’ ప్రిపోజిషన్, క్రియ ముందు వచ్చే ‘టు’ కాదు.

ఇక నాలుగో వాక్యం. ‘ఇన్ టు’ విడిగా రాస్తే ఒకటి, ‘ఇంటు’ అని కలిపి రాస్తే ఇంకొకటి. కలిపితే ‘లోపలికి’. విడిగా రాస్తే ‘ఇన్’ ముందున్న క్రియకు చెందుతుంది, ‘టు’ తర్వాతి పేరుకు. ‘హి టర్న్డ్ హిమ్‌సెల్ఫ్ ఇన్ టు ది పోలీస్’ అని విడిగా రాస్తే దొంగ పోలీసులకు లొంగిపోయాడు. కలిపి రాస్తే దొంగ పోలీసుగా మారిపోయినట్టు అవుతుంది. మీ పిల్లలు బస్సులోకి ఎక్కారు కాబట్టి కలిపి రాయాలి. ఇంకా సహజంగా ఉండాలంటే ‘వి గాట్ బ్యాక్ ఆన్ ది బస్’. లోపల లేచి నడవగలిగే బస్సు, రైలు, విమానానికి ‘ఆన్’ వాడతారు, వంగి దూరే కారుకూ ఆటోకూ ‘ఇన్’. ‘బ్యాక్’ ను మీరు కొట్టేయకుండా ఉంచడం మంచిదైంది. ‘గెట్’ లో వెనక్కి అన్న అర్థం లేదు కాబట్టి ఇక్కడ అది కావాలి.

‘ఆన్ టు’ కూ ఇదే గొడవ. ‘మూవ్ ఆన్ టు ది నెక్స్ట్ లెసన్’ లో విడిగా రాయాలి. బల్ల మీదికి దూకితే కలిపి రాయొచ్చు.

ఉన్న చోటు చెప్పే వాక్యాల్లో మన పిల్లలకు ఇంగ్లీషు సులభంగా వస్తుంది, ఎందుకంటే తెలుగు తీరూ అదే. కదిలే వాక్యాల దగ్గరే తడబడతారు. దానికి కారణం ఉంది. తెలుగులో ఎటు అన్నది క్రియలోనే ఉంటుంది, ఎక్కు, దిగు, దూరు, దాటు. ఇంగ్లీషువాడు రోజువారీ మాటల్లో క్రియలో ఎలా అన్నది పెట్టి, ఎటు అన్నదాన్ని పార్టికల్‌కు వదిలేస్తాడు. మనం ‘పరిగెత్తి బావిలోకి దిగాడు’ అంటే వాడు ‘హి రాన్ డౌన్ ఇంటు ది వెల్’ అంటాడు. మన ‘దిగాడు’ వాడి దగ్గర ‘డౌన్’ అయింది. మన సీమలో మెట్లున్న దిగుడు బావులు ఉన్నాయి కాబట్టి ఈ వాక్యం ఇక్కడి పిల్లలకు వింతగా ఉండదు. వేరే ఊళ్లో చెబితే పోలీసులకు ఫోన్ చేస్తారు.

‘దిగు’ అంటే ‘గెట్ డౌన్’ అని మనం పట్టుకున్నాం కాబట్టే బస్సు కూడా ‘గెట్ డౌన్’ చేస్తాం. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది, కండక్టర్‌తో అలా అంటే నాకు అభ్యంతరం లేదు. రాతలో మాత్రం ‘గెట్ ఆఫ్ ది బస్ ఎట్ సెవెన్ రోడ్స్’. గోడ ఎక్కిన పిల్లవాణ్ని దిగమనేటప్పుడు ‘గెట్ డౌన్ ఆఫ్ ది వాల్’, లేదా ‘గెట్ డౌన్ ఫ్రమ్ ది వాల్’. ‘గో టు అప్‌స్టెయిర్స్’, ‘కమ్ టు హియర్’ దగ్గర మాత్రం మీ ఎర్ర సిరా దయలేకుండా పారాలి. ఆ మాటల్లోనే ‘కి’ ఉంది, ‘టు’ కు చోటు లేదు.

మీ అల్లుడి వాక్యంలో కొట్టేయాల్సింది ఏమీ లేదు. ‘కమ్’ రా. ‘ఆన్’ మొహమాటపడకు, బయల్దేరు అనే చిన్న తోపు. ‘బ్యాక్’ ఇంతకుముందు వచ్చావు కదా, మళ్లీ. ‘ఓవర్’ మీ చోటు నుంచి ఈ పక్కకు. ‘టు అవర్ ప్లేస్’ మా ఇంటికి. ‘మళ్లీ ఇట్ల మా ఇంటికి వచ్చేయి ’ప్పా’ అన్నమాట. ఈ వరసలో ఒక కట్టుబాటు ఉంది. ‘బ్యాక్’ అప్, డౌన్, ఓవర్ లాంటి దిక్కు మాటల కన్నా ముందుంటుంది, పేరును పట్టుకున్న మాట అన్నిటికన్నా చివర. ‘బ్యాక్ అప్ ఆన్ ది రూఫ్’ అంటారు, ‘అప్ బ్యాక్ ఆన్ ది రూఫ్’ అనరు. మాటలో ఎన్నయినా పేర్చొచ్చు. సెలవు చీటీలో, ఆఫీసు ఉత్తరంలో ఇంత పేరిస్తే బాగుండదు. అక్కడ ‘పెన్నా ఇన్ ది గార్జ్’ చాలు. కానీ మీరు పిల్లలను అడిగింది ఆఫీసు ఉత్తరం కాదు, చూసింది చెప్పమన్నారు. కోట అంచున నిలబడి కిందికి చూస్తే కళ్లు తిరిగే చోటు అది. ఆ కళ్లు తిరగడం అంతా ‘డౌన్’ లోనే ఉంది.

నోటుబుక్కు ఇంకా మీ దగ్గరే ఉంటే ‘డౌన్’ కింద చుక్కలు పెట్టండి. కొట్టేసిన మాటను ఉంచమని చెప్పడానికి అచ్చు దిద్దేవాళ్లు పెట్టే గుర్తు అది, దాని అర్థం అమ్మాయికి చెప్పండి. ‘ఓవర్ బై’ కిందా అవే చుక్కలు. ‘ఇన్ టు’ ను కలుపుతూ కింద ఒక చిన్న వంకర గీత. ‘స్టుడ్ అప్’ దగ్గర ఏమీ రాయకుండా, ఆ వాక్యాన్ని తరగతిలో ఆ అమ్మాయి చేతే రెండు రకాలుగా చదివించండి. ఒకసారి ‘స్టుడ్’ దగ్గర ఆగి, ఒకసారి ‘అప్’ దగ్గర ఆగి. ఏది తాను రాయాలనుకున్నదో తనే చెబుతుంది.